బాపు మేడం పని చూసిన రోజు

మా బాపు లెక్కలో పని అంటే చేతికి నూనె అంటాలి. అంటకపోతే చెమటైనా పట్టాలి. ఆ రెండూ లేకపోతే కనీసం చప్పుడన్నా కావాలి. ఫోటో తీయడంలో ఈ మూడూ లేవు కాబట్టి అది పని కిందికి రాదని ఆయన ఎప్పుడో తీర్పు చెప్పేశాడు.

"టిక్కుమనంగనే అయిపోయె. గదానికి ఓ మనిషి. ఆ మనిషికి మల్ల నువ్వు అసిస్టెంటు," అనేవాడు అన్నం కలుపుకుంటూ, నా ముఖం చూడకుండా.

బాపు ముంబై పక్కనున్న భివండిలో, నార్పోలిలోని ఒక కార్ఖానాలో జాబర్. అంటే సాంచెలు ఆగిపోతే బాగుచేసే మేస్త్రీ. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. పెళ్లికాక ముందే ఊరి నుంచి వచ్చి, కూలికి సాంచెలు నడిపి నడిపి, చివరికి వాటి రోగాలు కనిపెట్టే వైద్యుడయ్యాడు. ఎవరైనా తన ముందు పని గురించి మాట్లాడితే ముందు వాళ్ల గోళ్లు చూస్తాడు. నా గోళ్లు శుభ్రంగా ఉండేవి. నా మీద మొదటి అభియోగం అదే.

నేను కెమెరా పట్టింది అదే ఊళ్లో, టెంఘర్‌లో ఒక స్టూడియోలో. పాస్‌పోర్టు ఫోటోలకు జనం చెవులు కనపడేలా జుట్టు వెనక్కి దువ్వించడం, పెళ్లి స్టేజీ ముందు నిలబడ్డ పెద్దమనుషులను బతిమాలి పక్కకు జరపడం, ఇవీ నా చదువులు. ముంబై నుంచి ఫ్యాషన్ ఫోటోలు తీసే మేడం ఒకావిడ షూటింగుకు జాగాలు చూసుకోవడానికి భివండి వస్తే, దారి చూపడానికి స్టూడియో ఓనర్ నన్ను తోలాడు. ఆవిడను ఆటోలో గల్లీ గల్లీ తిప్పాను. ఆ తర్వాత రెండు మూడు సార్లు సంచులు మోయడానికి తీసుకెళ్లింది. ఒకరోజు హఠాత్తుగా, "నా దగ్గరే ఉండిపో. హాస్టల్ చూస్తాను, నేర్పిస్తాను," అంది.

ఇంట్లో మాత్రం నా భవిష్యత్తు అప్పటికే ఖాయమై ఉంది. మా మేనమామకు నూలు దుకాణం ఉంది. కౌంటర్ దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. పైన ఫ్యాను, పక్కనే ఇల్లు, మధ్యాహ్నం వేడి అన్నం. "ఇంతకంటే సుఖమేముంటదే," అని అమ్మ రోజూ అడిగేది. నిజమే, సుఖమే. కానీ ఆ దుకాణం తలుచుకుంటే నాకు ఊపిరాడేది కాదు. మేడం దగ్గరికి పోవాలని ఎంత ఉండేదంటే, రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని. పొద్దున లేచి అందరితో పోట్లాడేదాన్ని.

ఇంతలో ఏదో బట్టల కంపెనీకి, నడుస్తున్న సాంచెల మధ్య చీరల ఫోటోలు కావాలన్న కోరిక పుట్టింది. నేను చూపించిన కార్ఖానాల్లో మేడం ఒకటి ఎంచుకుంది. అది మా బాపు పనిచేసే కార్ఖానా. కార్ఖానా ఓనర్ సేటు సంతోషంగా ఒప్పుకుని, ఆ రోజుకు మీసాలకు రంగు కూడా వేయించుకున్నాడు. బాపు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, గంభీరంగా కూర్చున్నాడు.

"మంచిదే అయింది. నా కండ్ల ముంగటనే చేస్తరు గద. ఒక్క దినం సూస్త. ఆ మేడం పనేందో నా కండ్లకు కనపడితే నువ్వు పో, నేను అడ్డం రాను. కనపడకపోతే సోమారం నుంచి మామ దుకాణంల కూసో. మల్ల ఏడ్సుడు, మొత్తుకునుడు లేదు."

"సరే బాపూ," అన్నాను వెంటనే. ఎంత తెలివితక్కువ మాట అన్నానో మర్నాడు పొద్దున్నే తెలిసింది.

ఎందుకంటే మా మేడం పనిచేస్తున్నట్టు కనపడే రకం కాదు.

షూటింగ్ రోజు బాపు ఉతికిన చొక్కా వేసుకుని, గోడ పక్కన నూలు చుట్టే ఒక ఖాళీ బీము మీద, పెళ్లిచూపులకు వచ్చిన మగపిల్లవాడి తండ్రిలా కూర్చున్నాడు. సాంచెలన్నీ బంద్ చేసి ఉన్నాయి. ముంబై నుంచి రెండు బండ్లలో జనం దిగారు. లైట్ల వాళ్లు ఇనప స్టాండ్లు భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ మోశారు. బాపు తల ఊపాడు. మేకప్ ఆమె మోడల్ అమ్మాయి ముఖానికి పూసిందే పూసి, తుడిచిందే తుడిచింది. బాపు మళ్లీ ఊపాడు. జుట్టు దువ్వే ఆయన ఒక్క పాయను చెవి వెనక పెట్టాలా, ముందుకు వదలాలా అని అరగంట కొట్టుకున్నాడు. బాపు కాసేపు ఆలోచించి, దానికీ ఊపాడు. ఇక చీర కట్టే అక్క నోటినిండా పిన్నీసులు కరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతుంటే బాపు ముఖంలో గౌరవమే కనిపించింది. నోట్లో ఇనుము పెట్టుకుని పనిచేసే మనిషంటే ఆయనకు మొదటి నుంచీ లోకువ లేదు.

ఒకసారి లేచి వెళ్లి ఆ చీర కొంగు వేళ్ల మధ్య నలిపి చూశాడు. నా వైపు తిరిగి, "ఇది చేతిమగ్గం చీరె గదనే. సాంచెల కాడ నిలవెట్టుడేంది?" అన్నాడు. నేను ఆ అక్కను అడిగాను. "కాంట్రాస్ట్, అంకుల్," అంది పిన్నీసుల సందులోంచి. ఏమన్నదని బాపు నన్నడిగాడు. "ముచ్చటగ ఉంటదట," అన్నాను.

ఇంతమంది ఇన్ని పనులు చేస్తుంటే మా మేడం ఏం చేస్తోందంటే, బూట్లు విప్పేసి నూలు కండెల బస్తా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చాయ్ అడిగింది. సంచీలోంచి పల్లీ పట్టీ తీసి కొరకడం మొదలుపెట్టింది. మోడల్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రి నిద్రపట్టిందా, మీ అమ్మ మోకాలు ఎట్లా ఉంది, మీ పక్కింటి కుక్క ఇంకా మొరుగుతోందా, ఇవే కబుర్లు. ఆ పిల్లకు ఇది మొదటి పెద్ద పని. భయంతో చేతులు నలుపుకుంటోంది. మేడం ఆమె చేతిలో ఒక పట్టీ ముక్క పెట్టింది. లిప్‌స్టిక్ పోతుందని మేకప్ ఆమె లబలబలాడింది.

నేను బాపు వైపు చూశాను. బాపు మేడం గోళ్ల వైపు చూస్తున్నాడు.

ఇక లాభం లేదని మేడం దగ్గరికి పోయాను. మా మాటలన్నీ బంబయ్యా హిందీలోనే నడిచేవి. అర్థం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మేడం, కాసేపు కెమెరా చేత్తో పట్టుకోండి."

"ఎందుకు?"

"ఊరికే."

"బరువు," అంది.

వెలుతురు కొలిచే మీటరు తెచ్చి చేతిలో పెట్టాను. దాన్ని పల్లీ పట్టీ కాగితం ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకుంది. పోనీ స్టూలు ఎక్కి పైనుంచి ఒకసారి చూడమన్నాను. స్టూలు బాగుందని దానిమీద కూర్చుంది. తల ప్రాణం తోకకు వచ్చింది. దాచి లాభం లేదని విషయం చెప్పేశాను. అదుగో ఆ బీము మీద కూర్చున్నది మా బాపు, మీ పని చూడటానికి వచ్చాడు, మీరేం చేస్తున్నారో ఆయనకు కనపడకపోతే సోమవారం నుంచి నేను నూలు దుకాణంలో ఉంటాను అని.

మేడం బాపును తేరిపార చూసింది. "అయితే కష్టమే," అని ఇంకో పట్టీ తీసుకుంది.

చాయ్ వేళకు బాపు నన్ను పిలిచి లెక్క అప్పజెప్పాడు. "సూడు బిడ్డా, ఆ పిన్నులామె పనిజేస్తున్నది. జుట్టాయన చేస్తున్నడు. లైట్లోల్లయితే పాపం కూలోల్లే. ఆఖరుకు మా సేటు సుత మీసాలకు రంగేసుకొని ఏదో ఒకటి చేస్తున్నడు. మీ మేడం ఒక్కతే సుట్టపుచూపుకు వచ్చినట్టున్నది."

అప్పుడు మేడం లేచింది. బూట్లు వేసుకోకుండానే సాంచెల మధ్య దారిలో నిలబడి, మోడల్‌తో అదే కుక్క కథ కొనసాగిస్తూ, మధ్యమధ్య "గడ్డం ఇటు, ఆ, అంతే, ఇంతకీ ఆ కుక్క ఎవరిని కరిచింది," అంటూ టిక్ టిక్‌మని తీసింది. బట్టల కంపెనీ తరఫున వచ్చిన ఆయన ముందున్న లాప్‌టాప్‌లో ఫోటోలు పడుతున్నాయి. చాలా బాగున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. బాపును చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను.

"మంచిగున్నయి," అన్నాడు. "పిల్ల మంచిగున్నది, చీరె మంచిగున్నది, లైటు మంచిగున్నది. ఫోటో మంచిగ రాక యాడికి పోతది?"

నాకు ఒళ్లు మండిపోయింది. తండ్రి కాబట్టి ఊరుకున్నాను.

అప్పుడు కంపెనీ ఆయన, సాంచెలు నడుస్తూ ఉండాలి, వెనక నూలు కదులుతూ ఉండాలి, అసలు మేం వచ్చిందే దానికోసం అన్నాడు. ఫోటోలో మనుషులు పడొద్దని సాంచెలు నడిపేవాళ్లందరినీ కెమెరా వెనక్కి పంపారు. పోగు తెగితే మాత్రం నడుం వంచుకుని పరుగెత్తి పోయి ముడి వేసి రావాలి. సేటు సైగ చేశాడు. సాంచెలు మొదలయ్యాయి.

సాంచెల కార్ఖానాలో అడుగు పెట్టనివాళ్లకు ఆ హోరు ఎట్లా చెప్పాలో తెలియదు. అది చెవుల్లోకి రాదు, పళ్లలోకి వస్తుంది. మోడల్ అమ్మాయి ఒక్క ఉలుకు ఉలికి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. జుట్టు ఆయన కష్టమంతా పోయింది. మళ్లీ సర్దారు. మళ్లీ నిలబెట్టారు. మేడం నోరు తెరిచి ఏదో అంది. వినపడలేదు. అరిచింది. వినపడలేదు. ఇంకా దగ్గరికి పోయి అరిస్తే ఫోటోకు కావలసిన దూరం లేకుండా పోయింది. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి, ఓటరు కార్డు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడింది. ఎన్ని తీసినా అదే ముఖం. కంపెనీ ఆయన లాప్‌టాప్ ముందు తల పట్టుకున్నాడు.

నాకు చెప్పలేనంత దిగులేసింది. ఉన్న ఒక్క ఆశా పోయింది, పని కనపడకపోవడం అటుంచి పనే చెడిపోయిందని అనుకున్నాను.

కానీ బాపు లేచాడు. ఎక్కడైనా ఏదైనా సరిగా నడవకపోతే ఆయన కూర్చోలేడు. అది ఆయన గుణం. లాప్‌టాప్ దగ్గరికి వచ్చి ఇందాకటి ఫోటో, ఇప్పటి ఫోటో రెండూ చూశాడు. తర్వాత, ఆగిన సాంచెను చూసినట్టే, ఒకటొకటిగా చూసుకుంటూ పోయాడు. చీర కుచ్చిళ్లు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. లైటు దగ్గర నిలబడి చూశాడు, అదే లైటు. జుట్టు చూశాడు. ఆ పిల్లను చూశాడు, అదే పిల్ల. వెనక సాంచెల్లో నాడెలు అటూ ఇటూ ఉరుకుతూనే ఉన్నాయి. అన్నీ బాగానే ఉండి ఫోటో మాత్రం చెడిపోతోంది. బాపు నొసలు ముడుచుకుని నా వైపు తిరిగి చేత్తో అడిగాడు, ఇందాకటికీ ఇప్పటికీ ఏం తక్కువైందని.

నేను మేడం వైపు చూపించి, నా పెదాలు తాకి, చెవి దగ్గర చెయ్యి ఆడించాను. ఆమె మాట వినపడటం లేదని.

సాంచెల మధ్య మా వాళ్లు నోటితో మాట్లాడరు. మాట్లాడి లాభం లేదు కాబట్టి చేతులతో, కనుబొమ్మలతో, పెదాలతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందనడానికి ఒక సైగ, చాయ్ వచ్చిందనడానికి ఒకటి, సేటు వస్తున్నాడనడానికి గాలిలో ఒక పెద్ద పొట్ట. చిన్నప్పటి నుంచి బాపుకు సద్ది తీసుకుపోతూ నేను ఆ భాషంతా నేర్చుకున్నాను. అందులో ఒక పద్ధతుంది. కార్ఖానా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎవరైనా సైగ చేస్తే, అది ఎవరికోసమో తెలియకపోయినా చూసినవాడు దాన్ని పక్కవాడికి అందించాలి. అట్లా చివరిదాకా పోతుంది. అందించకపోతే ఎక్కడో ఒక సాంచె చెడిపోతుంది. కాబట్టి వాళ్లకది కళ్లు మూసి తెరిచినంత అలవాటు.

మేడం నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో అరిచింది. "గడ్డం కొంచెం దించమను."

నేను ఆవిడ వెనక కండెల పెట్టె ఎక్కాను. మోడల్ కళ్లలోకి చూసి, సాంచెల పద్ధతిలో, పెద్దగా, నెమ్మదిగా గడ్డం దించాను. ఆ పిల్ల నా వైపు చూసి తనూ దించింది. నేను వంగగానే మేడం మళ్లీ చెవిలో అరిచింది. "ఎడమ భుజం వదిలెయ్యమను. నడుం మీద చెయ్యి. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు." భుజం వదిలాను, నడుం మీద చెయ్యి పెట్టాను, దూరంగా చూసి ఒక నిట్టూర్పు విడిచాను.

మోడల్ నా వైపు చూడటం మానేసింది. నా వెనక్కి చూస్తోంది. నోరు తెరుచుకుని చూస్తోంది.

ఏమైందని తిరిగి చూశాను. కెమెరా వెనక నిలబడ్డ మా వాళ్లు, బనీన్లలో, లుంగీలు మోకాళ్లపైకి కట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ఎడమ భుజం వదులుతున్నారు. నడుం మీద చెయ్యి పెడుతున్నారు. గడ్డం కిందికి, చూపు దూరానికి. సైగ అందిన ప్రతివాడూ పక్కవాడికి అందిస్తున్నాడు. ఇదేం సైగో ఒక్కడికీ తెలియదు, అయినా ఒక్కడూ ఆపలేదు. కళ్లద్దాలు నూలుపోగుతో చెవికి కట్టుకునే ముసలాయన అందరికంటే అందంగా ఎదురుచూస్తున్నాడు. వరస చివర మా బాపు. జాబర్ కదా, ఆయన అందుకోకపోతే ఎట్లా? నూనె మరకలు అంటని చొక్కాలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎవరో రావాలి ఇంకా రాలేదన్నట్టు, ఎంతో బెంగగా తలుపు వైపు చూస్తున్నాడు. అంత బెంగగా మా అమ్మ కోసం ఎన్నడూ చూసి ఉండడు.

మోడల్ అమ్మాయికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. భుజాలు దిగాయి, మెడ వదులైంది, కళ్లలో నీళ్లొచ్చేంతగా నవ్వింది. చుట్టూ సాంచెలున్నాయని మర్చిపోయింది. మేడం కెమెరా కంటి నుంచి తీయలేదు. ఆ తర్వాత మేడం నా చెవిలో చెప్పడం, నేను చేసి చూపడం, నా వెనక కార్ఖానా అంతా చేయడం, ఆ పిల్ల చేయడం, ఇట్లా సాయంత్రందాకా నడిచింది. ఒకచోట మేడం చెప్పకముందే నేను చేశాను. ఆవిడ ఒక్కసారి తిరిగి చూసి మళ్లీ కెమెరాలో తల పెట్టింది.

సాంచెలు ఆపాక చెవుల్లో హోరు చాలాసేపు పోలేదు. లైట్ల వాళ్లు సామాను సర్దుతున్నారు. బాపు చేతులు కడుక్కుని, తుడుచుకుని, నేరుగా మేడం దగ్గరికి వచ్చాడు. తన హిందీలో, మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు. నాకు వినపడ్డది మాత్రం తెలుగే.

"మేడం, తప్పు పట్టకున్రి. పొద్దటి సంది సూస్తున్న. మీరైతే ఏం చెయ్యలే. పనంత నా బిడ్డ చేసింది. మా పోరగాండ్లు చేసిన్రు. ఇజ్జత్ పోయినా సరే అని నేను సుత చేసిన."

సోమవారం, దుకాణం, ఫ్యాను, మధ్యాహ్నం వేడి అన్నం, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. ఇంత కష్టపడి చేసింది నా కొంప నేనే ముంచుకోవడానికా అని ఏడుపొచ్చింది.

మేడం నింపాదిగా బూట్లు తొడుక్కుంది. "నిజమే. రోజూ నేను చేసేది ఇవాళ మీ అమ్మాయి చేసింది. నాకు గొంతు లేకుండా పోయింది కదా," అంది. లేసులు కట్టుకుని తలెత్తి, "మరి ఆమె చేసింది మీకు కనపడిందా?" అని అడిగింది.

బాపు లాప్‌టాప్ దగ్గరికి వెళ్లాడు. కంపెనీ ఆయనతో, ఆ బిగుసుకుపోయిన ఫోటో చూపమన్నాడు. తర్వాత నవ్వుతున్నది. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. కంపెనీ ఆయన విసుక్కుంటూనే చూపించాడు. బాపు ముఖంలో నేనెరిగిన ఒక అవస్థ కనిపించింది. సాంచెలో తప్పు ఎక్కడుందో తెలిశాక దాన్ని తెలియనట్టు వదిలేయడం ఆయన వల్ల కాదు. అది ఎవరి సాంచె అయినా సరే.

తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా గోళ్లు చూడలేదు. నన్ను చూశాడు.

"కనపడ్డది," అన్నాడు తెలుగులో.

మేడంకు అర్థం కాలేదు. మీ నాన్న ఏమన్నాడన్నట్టు నా వైపు చూసింది. చెబుదామని నోరు తెరిచాను. పొద్దంతా ఆవిడ మాటలు కార్ఖానాకంతా అందించినదాన్ని, ఆ ఒక్క మాట ఆవిడకు అందించలేకపోయాను. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాను. బాపు ఇక నావల్ల కాదని తెలుసుకుని, తన మాట తానే హిందీలో చెప్పుకున్నాడు.

"దిఖా, మేడం. అచ్ఛా దిఖా."